వత్తులు ఎందుకు చెదిరాయి: ఒక పీఎస్‌పీ-3000 మీద సొంత ప్రోగ్రామ్ నడిపించిన కేసు

సోనీ కంపెనీ చేతి గేమ్ మెషీన్ పీఎస్‌పీలో మనం రాసుకున్న ప్రోగ్రామ్ నడవకపోతే ఎక్కువమంది చేసే పని, దొరికిన కస్టమ్ ఫర్మ్‌వేర్లన్నీ, అంటే మెషీన్ లోపలి సాఫ్ట్‌వేర్‌కి బయటివాళ్లు మార్చి చేసిన రూపాలన్నీ, ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించి చూడటం. అలా చేస్తే చాలాసార్లు ఏమీ తేలదు, ఎందుకంటే ఆగింది ఫర్మ్‌వేర్ దగ్గరే అన్న గ్యారంటీ ఏమీ లేదు. కార్డు దగ్గర ఆగి ఉండొచ్చు, సంతకం దగ్గర, అంటే ప్రోగ్రామ్ కంపెనీ ఒప్పుకున్నదేనని చూపే డిజిటల్ ముద్ర దగ్గర, ఆగి ఉండొచ్చు, మెమరీ దగ్గర ఆగి ఉండొచ్చు, అన్నీ దాటుకొచ్చాక బొమ్మ గీసే చిప్ దగ్గర కూడా తేడా రావొచ్చు. ఎక్కడ ఆగిందో ఆ మెషీన్ చెబుతూనే ఉంటుంది, కాకపోతే ఒక్కో చోట ఒక్కోలా చెబుతుంది. ఈ కేసులో అన్ని చోట్లా ఆగింది కాబట్టి ఎక్కడ ఏం కనపడింది, దాన్నిబట్టి ఏం అనుకున్నాం, అది నిజమో కాదో ఎలా తేల్చుకున్నాం అన్నది మొత్తం రాస్తున్నాను.

మా ఆఫీసులో పనిచేసే తమ్ముడొకడు, ఖమ్మం కుర్రాడు, వాళ్లక్క కూతురి కోసం గుణింతాలు నేర్పే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. పాపకి ఫోన్ ఇస్తే అయిదు నిమిషాల్లో వీడియోల్లోకి వెళ్లిపోతోందని వాళ్లక్క గొడవ. ఇతని దగ్గర కాలేజీ రోజుల్లో కొన్న పీఎస్‌పీ-3000 ఒకటి బీరువాలో పడుంది. బటన్లున్నాయి, స్క్రీన్ బాగుంది, నోటిఫికేషన్లు రావు, పిల్లల చేతిలో ఇమిడిపోతుంది. నాకు ఆలోచన చాలా నచ్చింది. తయారీ 2014లోనే ఆగిపోయిన మెషీన్లో ఒక పాప తెలుగు చదవడం నేర్చుకుంటే అంతకంటే మంచి వాడకం దానికి ఇంకేం కావాలి. ల్యాప్‌టాప్‌లో పీఎస్‌పీని అనుకరించే పీపీఎస్ఎస్‌పీపీ ఎమ్యులేటర్ మీద ప్రోగ్రామ్ చక్కగా నడుస్తోంది. అసలు మెషీన్లో పెడితే ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు నా దగ్గరికి తెచ్చాడు.

మెషీన్ గురించి కొంచెం. స్క్రీన్ 4.3 అంగుళాలు, 480 అడ్డం, 272 నిలువు. సీపీయూ మిప్స్ రకం, గరిష్ఠంగా 333 మెగాహెర్ట్జ్, మామూలుగా 222 దగ్గర నడుస్తుంది. మొదటి మోడల్ పీఎస్‌పీ-1000లో మెమరీ 32 ఎంబీ, 2000 నుంచి 64 ఎంబీ. కానీ ప్రత్యేకంగా అడిగితే తప్ప మన ప్రోగ్రామ్ చేతికి వచ్చేది 24 ఎంబీనే. బొమ్మలు గీయడానికి జీఈ అనే విడి చిప్, దానికి 2 ఎంబీ సొంత మెమరీ. ఈ జీఈ సంగతి గుర్తుపెట్టుకోండి, అసలు కథంతా దాని దగ్గరే ఉంది.

తెలుగు గీయడానికి అతను ఎంచుకున్న దారి చాలా తెలివైనది. ఇంగ్లిష్‌లా ఒక కోడ్‌కి ఒక బొమ్మ అని మన లిపితో కుదరదు. రాష్ట్రం అన్న మాట యూనికోడ్‌లో 8 కోడ్‌లు, యూటీఎఫ్-8లో 24 బైట్లు, స్క్రీన్ మీద మాత్రం టవత్తు, రవత్తు ఎక్కడ కూర్చోవాలో ఫాంట్ లోపలి నియమాలు చెబుతాయి. ఆ నియమాల్ని పాటించే పనినే షేపింగ్ అంటారు, అది చేసే హార్ఫ్‌బజ్ లైబ్రరీని పీఎస్‌పీలోకి మోసుకెళ్లకుండా, ఆ పనంతా ల్యాప్‌టాప్‌లోనే ముందుగా చేయించి, ప్రతి పేజీకి ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలో ఒక ఫైల్లో రాయించాడు. కావలసిన బొమ్మలన్నీ, అంటే అచ్చులు, హల్లులు, గుణింతాల రూపాలు, చివర్లో వత్తులు, 512 బై 512 టెక్స్చర్, అంటే చిప్ ముక్కలు తీసుకుని గీసే పెద్ద బొమ్మ, ఒకదాంట్లో వరసలుగా పేర్చాడు. పీఎస్‌పీ చేయాల్సిందల్లా ఆ ఫైల్ చదివి టెక్స్చర్ లోంచి ముక్కలు తీసి అతికించడమే. జీఈ ఒక టెక్స్చర్‌కి ఒప్పుకునే గరిష్ఠ కొలత కూడా 512 బై 512 కాబట్టి సరిగ్గా సరిపోయింది.

ముందు చూసింది బ్యాటరీ, కార్డు. బ్యాటరీ ఉబ్బి వెనక మూత సరిగా పట్టడం లేదు, పాత పీఎస్‌పీలన్నిటిలో ఇది మామూలే. దాన్ని నొక్కడం, గుచ్చడం లాంటివి చేయకుండా పక్కన పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చి, కొత్తది వేశాం. చార్జర్ పెట్టుకుని బ్యాటరీ లేకుండా కూడా పీఎస్‌పీ ఆన్ అవుతుంది గానీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ మాత్రం బ్యాటరీ, చార్జర్ రెండూ ఉంటేనే మొదలవుతుంది, మధ్యలో కరెంటు పోతే మెషీన్ చచ్చిపోతుంది కాబట్టి ఆ జాగ్రత్త సబబే.

కార్డు సంగతి ఇంకొంచెం చెప్పాలి. పీఎస్‌పీకి మెమరీ స్టిక్ ప్రో డ్యుయో కావాలి, ఇప్పుడు అవి కొత్తవి దొరకడం కష్టం కాబట్టి అందరూ మైక్రోఎస్‌డీ పట్టే అడాప్టర్ వాడుతున్నారు. ఇతను ఆన్‌లైన్‌లో ఎక్కడో 64 జీబీ అని రాసున్న కార్డు చవగ్గా కొన్నాడు. ఫోల్డర్ ఒకసారి కనపడుతుంది, ఇంకోసారి కనపడదు. ఇలాంటి కార్డుల్ని నేను కళ్లతో చూసి నమ్మను, ల్యాప్‌టాప్‌లో పెట్టి కార్డు నిండేదాకా తెలిసిన డేటా రాయించి మళ్లీ చదివించి పోల్చి చూస్తాను. కొంతదూరం దాకా రాసింది రాసినట్టే ఉంది, ఆ తర్వాత చదివిందంతా చెత్త. అంటే పైన రాసిన సైజు అబద్ధం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి 16 జీబీ కార్డు ఒకటి తెచ్చి, అదే పరీక్ష పెట్టి, ఈసారి పీఎస్‌పీలోనే ఫార్మాట్ చేశాం. అక్కడే ఫార్మాట్ చేస్తే కావలసిన ఫోల్డర్లు అదే వేసుకుంటుంది. పీఎస్‌పీ ఫోల్డర్, దానిలో గేమ్ ఫోల్డర్, దానిలో మన ప్రోగ్రామ్ పేరుతో ఒక ఫోల్డర్, అందులో ఈబూట్.పీబీపీ అనే ప్రోగ్రామ్ ఫైల్. ఒక్క ఫోల్డర్ అటూ ఇటూ అయినా మెనూలో కనపడదు.

ఇప్పుడు మెనూలో బొమ్మ కనపడింది. నొక్కితే గేమ్ మొదలుపెట్టలేకపోయామని ఒక మాట, పక్కన 80020148.

ఈ నంబర్ చూసి తమ్ముడికి టెన్షన్, నాకు మాత్రం ధైర్యం వచ్చింది. ఎందుకంటే కార్డు చదివింది, ఫైల్ దొరికింది, లోపలున్న ప్రోగ్రామ్‌ని కెర్నెల్, అంటే ఫర్మ్‌వేర్‌లో అన్నిటినీ నడిపించే లోపలి భాగం, చూసింది కూడా. చూసి, ఈ రకం మాడ్యూల్‌ని నేను తీసుకోను అని చెప్పింది. ఆ నంబర్‌కి అర్థం అంతే. మెషీన్లో ఉన్నది కంపెనీ చివరిసారి ఇచ్చిన 6.61 ఫర్మ్‌వేర్, మన ప్రోగ్రామ్ మీద సంతకం లేదు, కాబట్టి తలుపు తీయలేదు.

ఇక్కడ కొంచెం చరిత్ర తెలిస్తే ఏం చేయాలో తనంతట తానే అర్థమవుతుంది. 2004 డిసెంబర్ 12న జపాన్‌లో మొదటి పీఎస్‌పీ వచ్చినప్పుడు 1.00 ఫర్మ్‌వేర్ సంతకం లేని ప్రోగ్రామ్‌ని కూడా నడిపించేసేది, 2005లో జనం మొదటి హలో వరల్డ్‌ని నడిపింది దాని మీదే. 1.50లో ఆ తలుపు మూశారు. అప్పుడు ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు, ఒకదాని చివర శాతం గుర్తు పెట్టి, ఫర్మ్‌వేర్‌ని తికమకపెట్టి నడిపించే పద్ధతి కనిపెట్టారు. 2.00 వచ్చాక అదీ పోయింది, ఈసారి ఫొటోలు చూపించే భాగంలో టిఫ్ ఫైళ్లని చదివే చోట లోపం దొరికింది. ఆ తర్వాత డార్క్ అలెక్స్ అనే పేరుతో ఒకాయన కస్టమ్ ఫర్మ్‌వేర్లు తేవడం, 2007లో పండోరా బ్యాటరీ బయటికి రావడం. బ్యాటరీ లోపలి చిప్‌లో సీరియల్ నంబర్ మొత్తం ఎఫ్‌లతో నింపేస్తే మెషీన్ అది సర్వీస్ సెంటర్ బ్యాటరీ అనుకుని నేరుగా మెమరీ స్టిక్ నుంచి బూట్ అయ్యేది. చచ్చిన పీఎస్‌పీలు ఎన్నో దానితో బతికాయి. కానీ 2000 మోడల్ చివరి బోర్డుల్లోనూ, మొత్తం 3000 మోడల్‌లోనూ బూట్ కోడ్ మొదటి భాగాన్నే మార్చేశారు, అందుకే 3000కి పండోరా పనిచేయదు. ఇప్పటికీ 3000 కోసం పండోరా బ్యాటరీ వెతుక్కునే వాళ్లు నాకు తగులుతుంటారు, దయచేసి డబ్బులు పోసుకోకండి.

అసలు మలుపు 2010 డిసెంబర్‌లో. బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సభలో సోనీదే ఇంకో గేమ్ మెషీన్ పీఎస్3 సంతకాల్లో ఉన్న లోపం బయటపెట్టారు, దాని వెనకాలే పీఎస్3 లోపల దాచి ఉన్న పీఎస్‌పీ కీలు కూడా బయటికొచ్చాయి. అప్పట్నుంచీ మన ప్రోగ్రామ్ మీద మనమే సంతకం పెట్టుకోవచ్చు, కంపెనీ ఫర్మ్‌వేర్ కూడా దాన్ని తనదే అనుకుని నడిపిస్తుంది. ఈ కీలు మెషీన్ లోపల కాల్చి పెట్టినవి కాబట్టి అమ్మేసిన వాటిలో మార్చడానికి లేదు. అయితే సంతకం వల్ల వచ్చేది యూజర్ మోడ్, అంటే మామూలు ప్రోగ్రామ్‌కి ఇచ్చే పరిమిత అనుమతి, మాత్రమే. కెర్నెల్ లోపలికి వెళ్లాలంటే ఇంకో లోపం విడిగా దొరకాలి, 6.61కి ఉన్న ప్రో లాంటి కస్టమ్ ఫర్మ్‌వేర్లు చేసేది ఈ రెండూ కలపడమే, సంతకంతో లోపలికొచ్చి కెర్నెల్ లోపంతో పైకెక్కడం.

అంటే మన ముందు రెండు దారులు. ప్రోగ్రామ్‌కి సంతకం పెట్టి ఫర్మ్‌వేర్ జోలికి పోకుండా ఉండటం, లేదా కస్టమ్ ఫర్మ్‌వేర్ ఎక్కించడం. ఒక పాప వాడుకోవడానికి మొదటిదే సరిపోతుంది. కానీ నేను రెండోది కూడా చేయించాను, ఎందుకంటే రేపు ప్రోగ్రామ్ క్రాష్ అయితే లోపల ఏం జరిగిందో చూడటానికి పీఎస్‌పీలింక్ కావాలి, అది కెర్నెల్ మోడ్‌లో నడిచే టూల్, సంతకం ఒక్కదానితో రాదు. ఇంకో మాట, సంతకం పెట్టాలన్నా ప్రోగ్రామ్‌ని పీఆర్ఎక్స్‌గా కట్టాలి, అంటే మెమరీలో ఏ చోట పెట్టినా నడిచేలా. ఇతను పాత ట్యుటోరియల్ చూసి కట్టినది ఒకే అడ్రస్‌కి బిగించినది. బిల్డ్ ఫైల్లో ఒక్క లైన్ చేర్చి దాన్ని పీఆర్ఎక్స్ చేశాం. అదే పనిలో హీప్ (ప్రోగ్రామ్ నడుస్తూ అడిగి తీసుకునే మెమరీ) సైజు కూడా చెప్పాం, లేకపోతే పాత ఎస్‌డీకేలో (ప్రోగ్రామ్ కట్టడానికి వాడే టూల్స్ కట్టలో) పీఆర్ఎక్స్‌కి వచ్చే హీప్ 64 కేబీనే, టెక్స్చర్ ఒక్కటి కూడా పట్టదు. ఉన్నదంతా హీప్‌కే ఇచ్చేయడం కూడా మంచిది కాదు, థ్రెడ్ల స్టాక్‌కి చోటు మిగలాలి.

ప్రో ఎక్కించాం, నడిచింది. మర్నాడు పొద్దున్నే ఫోన్. "అన్నా, మళ్లీ అదే నంబర్ వస్తోంది, కార్డు పోయిందంటావా?" కార్డు పోలేదు. ఈ మోడల్‌లో ప్రో మెమరీలో మాత్రమే బతుకుతుంది. నిద్రపుచ్చితే ఉంటుంది, పూర్తిగా ఆఫ్ చేస్తే పోతుంది, అప్పుడు ఫాస్ట్ రికవరీ అనే చిన్న ప్రోగ్రామ్‌ని ఒకసారి నడిపితే తిరిగొస్తుంది. కొన్నాళ్లు అలాగే వాడి, తర్వాత డేవీ అనే డెవలపర్ చేసిన ఇన్ఫినిటీ ఎక్కించాం. దానితో ఆన్ చేసిన ప్రతిసారీ కస్టమ్ ఫర్మ్‌వేర్ తనంతట తానే వస్తుంది. ఇన్ఫినిటీ మెషీన్ లోపలి ఫ్లాష్ మెమరీలో రాస్తుంది కాబట్టి కొత్త బ్యాటరీ నిండా చార్జ్ అయ్యాకే, చార్జర్ పెట్టి, మధ్యలో ముట్టుకోకుండా చేశాం. 3000 చెడిపోతే బాగుచేయడం ఎంత కష్టమో పైన చెప్పిన పండోరా కథే చెబుతుంది.

చట్టం గురించి అడుగుతారు కాబట్టి నా వైఖరి చెప్పేస్తాను. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ ఏర్పాట్లని దాటడాన్ని నేరంగా చూస్తుంది. మన మెషీన్లో మనం రాసిన గుణింతాలు నడుపుకోవడంలో ఆ ఉద్దేశం లేదు. గేమ్‌ల కాపీలు ఎక్కించిపెట్టమని అడిగితే నేను చేయను. ఈ మెషీన్ల మీద హోమ్‌బ్రూకి, అంటే మనమే రాసుకుని నడిపే ప్రోగ్రామ్‌లకి, చెడ్డపేరు వచ్చింది ఆ కాపీల వల్లే, నిజానికి ఇందులో జరిగిన మంచి పనంతా సొంతంగా రాసుకున్నవాళ్లదే.

సరే, తలుపు తీసింది. ప్రోగ్రామ్ మొదలైంది, స్క్రీన్ నల్లబడింది, అక్కడే ఆగిపోయి కాసేపటికి మెషీన్ దానంతట అదే ఆఫ్ అయిపోయింది. ఎర్రర్ నంబర్ లేదు, మాట లేదు. ఇది మూడో రకం ఆగడం. లోడ్ అయింది, నడిచింది, నడుస్తూ నడుస్తూ చేయకూడని పని ఏదో చేసింది.

ఇలాంటప్పుడు ఊహించడం మానేసి పీఎస్‌పీలింక్ పెట్టాలి. మినీ యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, ప్రోగ్రామ్‌ని కార్డు నుంచి కాకుండా ల్యాప్‌టాప్ ఫోల్డర్ నుంచే నడిపించొచ్చు, ప్రతిసారీ కార్డు పీకి పెట్టే బాధ ఉండదు. క్రాష్ అయిన క్షణంలో రిజిస్టర్లన్నీ, అంటే సీపీయూ చేతిలో ఉన్న విలువలన్నీ, తెర మీదికి వస్తాయి. మాకు వచ్చింది అడ్రస్ ఎర్రర్. పక్కనే తప్పు అడ్రస్ ఏదో కూడా ఉంది, దాని చివరి అంకె బేసి. అది చూడగానే నేను అడిగింది ఒకటే, "నీ పేజీ ఫైల్లో ఒక్కో రికార్డు ఎన్ని బైట్లు?" బొమ్మ నంబర్‌కి రెండు, అడ్డం కొలతకి రెండు, నిలువు కొలతకి ఒకటి, మొత్తం అయిదు అన్నాడు.

అక్కడే ఉంది. మిప్స్ సీపీయూ రెండు బైట్ల సంఖ్యని సరి అడ్రస్ నుంచే చదువుతుంది, నాలుగు బైట్ల సంఖ్యని నాలుగుతో భాగించబడే అడ్రస్ నుంచే చదువుతుంది. మొదటి రికార్డు సరి అడ్రస్‌లో మొదలైంది, అయిదు బైట్లు కాబట్టి రెండోది బేసిలో మొదలైంది. ఇతని కోడ్ ఆ చోటుకి పాయింటర్ పెట్టి నేరుగా రెండు బైట్ల సంఖ్యగా చదివింది, సీపీయూ అక్కడికక్కడే ఆపేసింది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకి ఇలాంటి పట్టింపు లేదు, వాటి మీద నడిచే ఎమ్యులేటర్ కూడా ఆ చదవడాన్ని అలాగే సాగనిచ్చేస్తుంది. అందుకే అక్కడ ఎప్పుడూ బయటపడలేదు. తప్పు జరిగిన లైన్‌ని కూడా నిర్ధారించుకున్నాం, మాడ్యూల్ మొదలు నుంచి ఎంత దూరంలో ఆగిందో చూసి ఆ దూరాన్ని ఎస్‌డీకేతో వచ్చే టూల్‌కి ఇస్తే ఫైల్ పేరు, లైన్ నంబర్ చెబుతుంది. సరిగ్గా ఆ చదివే లైనే. రికార్డుకి ఒక ఖాళీ బైట్ చేర్చి ఆరు చేశాం. దాంతో క్రాష్ పోయింది.

ఇప్పుడు అక్షరాలు వచ్చాయి. మొదటిసారి ఆ స్క్రీన్ మీద అ ఆ ఇ ఈ చూసినప్పుడు ఇద్దరం నిజంగా చాలా సంతోషపడ్డాం. గుణింతాల పేజీలు శుభ్రంగా ఉన్నాయి. వత్తులున్న మాటల పేజీకి వెళ్తే మాత్రం అమ్మ, అక్క, రాష్ట్రం అన్నిట్లో వత్తులు చెదిరిపోయాయి. పై అక్షరం నిక్షేపంగా ఉంది, కింద వత్తు మాత్రం అడ్డంగా కోసేసినట్టు, మధ్యమధ్యలో గీతలు లేకుండా.

"షేపింగ్ పోయిందన్నా, తెలుగుకి ఇది సరిపడదేమో" అన్నాడు నీరసంగా. చూడగానే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. తెలుగు సాఫ్ట్‌వేర్‌లో వత్తులు చెదరడం మనం ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాం, వత్తు పక్కకి పోవడం, పొల్లు విడిగా కనపడటం, ఏదైనా సరే నింద షేపింగ్ మీదికే పోతుంది. కానీ షేపింగ్ పాడైతే ఇలా ఉండదు. వత్తు తప్పు చోట పడుతుంది, లేదా వేరే బొమ్మ వస్తుంది. ఇక్కడ చోటు సరిగ్గానే ఉంది, బొమ్మ కూడా సరైనదే, బొమ్మ లోపల చారలు మాత్రం పోయాయి. పైగా నేను స్క్రీన్‌కి దగ్గరగా చూస్తే ఇంకోటి కనపడింది. రెండు మూడు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాక చారలు తగ్గుతున్నాయి, కాసేపటికి కొన్ని వత్తులు పూర్తిగా బాగుపడిపోతున్నాయి. తనంతట తాను బాగుపడే షేపింగ్ లోపం నేనెక్కడా చూడలేదు. తనంతట తాను బాగుపడేది క్యాష్.

పీఎస్‌పీ సీపీయూకి 16 కేబీ డేటా క్యాష్ ఉంది, 64 బైట్ల చొప్పున లైన్లు. ప్రోగ్రామ్ ఏదైనా రాస్తే అది ముందు క్యాష్‌లో పడుతుంది, అసలు మెమరీకి తర్వాత ఎప్పుడో చేరుతుంది. కిరాణా కొట్లో రోజంతా చిట్టాలో రాసుకుని ఖాతా పుస్తకంలోకి తర్వాత ఎక్కించినట్టు. సీపీయూ తిరిగి చదివేటప్పుడు క్యాష్‌లోనే చూస్తుంది కాబట్టి దానికి అంతా సరిగ్గానే కనపడుతుంది. కానీ జీఈకి ఆ క్యాష్ కనపడదు, అది నేరుగా మెమరీలో చూస్తుంది, అక్కడ ఇంకా పాత సరుకే ఉంటుంది.

మన టెక్స్చర్ పిక్సెల్‌కి 4 బిట్ల రకం, 16 స్థాయిలు, అక్షరాల అంచులు నున్నగా రావడానికి అవి చాలు. 512 బై 512కి 128 కేబీ. దీన్ని కార్డు నుంచి కుదించిన రూపంలో చదివి, సీపీయూ విప్పి మెమరీలో పై వరస నుంచి కింది వరసకి రాసుకుంటూ వచ్చింది. పైన రాసినవి క్యాష్ నిండిపోయి ఎప్పుడో మెమరీకి వెళ్లిపోయాయి, చివర్లో రాసిన 16 కేబీ లోపు డేటా క్యాష్‌లోనే ఉండిపోయింది. ఒక అడ్డ వరస 256 బైట్లు, కాబట్టి 16 కేబీ అంటే కింది నుంచి 64 వరసలు. మన అక్షరాల ఎత్తుకి అవి దాదాపు చివరి రెండు వరసల బొమ్మలు. అక్కడ పేర్చినవి వత్తులు. ఒక్కో క్యాష్ లైన్ 64 బైట్లు, అంటే ఒక్క పిక్సెల్ ఎత్తున 128 పిక్సెళ్ల పొడవు చార, చెదిరింది కూడా సరిగ్గా అలాంటి అడ్డ చారలుగానే. అక్షరాలు సరైన చోట పడటానికి కారణం కూడా ఇదే లెక్కలో ఉంది, ముక్కల కొలతల కోసం వాడిన మెమరీ డ్రాయింగ్ లిస్ట్ లోంచి తీసుకున్నది, ఎస్‌డీకే ఆ లిస్ట్‌ని క్యాష్‌ని తప్పించే అడ్రస్‌తోనే ఇస్తుంది.

లెక్క కుదిరింది కదా అని ఆపలేదు, తేల్చుకోవడానికి రెండు పరీక్షలు పెట్టాం. మొదటిది, టెక్స్చర్ పేర్పు తిరగేయడం, వత్తులు పైన, అచ్చులు చివర. మళ్లీ కట్టి నడిపితే ఈసారి వత్తులు ముత్యాల్లా ఉన్నాయి, అ ఆ ఇ ఈ చెదిరాయి. షేపింగ్‌కి ఇందులో సంబంధం లేదని అక్కడితో తేలిపోయింది, తమ్ముడి మొహంలో వెలుగు వచ్చింది. రెండోది, పేర్పు మామూలుగా పెట్టి, మొదటి పేజీ గీసే ముందు సంబంధం లేని 1 ఎంబీ మెమరీని ఊరికే ఒకసారి చదివించడం. కొత్తవి క్యాష్‌లోకి రావాలంటే పాతవి బయటికి పోవాలి, పోతూ పోతూ మెమరీలో రాసి పోతాయి. అలా చేస్తే ఏ అక్షరమూ చెదరలేదు.

మందు ఒక్క లైన్. టెక్స్చర్ విప్పడం పూర్తయ్యాక, జీఈకి ఇచ్చే ముందు, క్యాష్‌లో ఉన్నదాన్ని మెమరీకి రాయించే డీక్యాష్ రైట్‌బ్యాక్ రేంజ్ అనే కెర్నెల్ కాల్‌కి ఆ టెక్స్చర్ అడ్రస్, సైజు ఇవ్వడం. రంగుల పట్టికకి కూడా అదే చేయాలి, అది చిన్నది కాబట్టి మొత్తం క్యాష్‌లోనే ఉండిపోయే అవకాశం ఎక్కువ. టెక్స్చర్‌ని 16 బైట్ల హద్దులో పెడితే జీఈకి చాలు గానీ నేను 64 హద్దులో పెట్టిస్తాను, అప్పుడు ఒకే క్యాష్ లైన్లో ఇంకో వేరియబుల్ వచ్చి పంచుకోదు. క్యాష్‌ని తప్పించి 4తో మొదలయ్యే అద్దం అడ్రస్‌లో, అంటే 08900000 బదులు 48900000 లాంటి చోట, రాసేయొచ్చు కదా అంటారు కొందరు, పనిచేస్తుంది గానీ విప్పడం చాలా నెమ్మదిస్తుంది, ఒక్కసారి రైట్‌బ్యాక్ పిలవడమే నయం. ఎమ్యులేటర్ డేటా క్యాష్‌ని అనుకరించదు, కాబట్టి ఈ లోపం అక్కడ ఎన్నేళ్లు వెతికినా దొరకదు. హోమ్‌బ్రూ రాసేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే, రెండో స్క్రీన్ రాయకముందే, మొదటి అక్షరం కనపడిన రోజే, దాన్ని అసలు మెషీన్లో పెట్టి చూడండి.

మిగతావి త్వరగా అయిపోయాయి. హోమ్ బటన్ నొక్కి బయటికి రమ్మంటే వేలాడిపోయేది, బయటికి రమ్మన్న మాట వినే ఎగ్జిట్ కాల్‌బ్యాక్ థ్రెడ్ పెట్టకపోతే అంతే, పెట్టాక పోయింది. మెషీన్‌ని నిద్రపుచ్చి లేపితే తెరిచి ఉంచిన ఫైళ్లు పనికిరాకుండా పోతాయి, పిల్లలు మధ్యలో ఎప్పుడు పడితే అప్పుడు స్విచ్ జరుపుతారు కాబట్టి పేజీల ఫైలు మొత్తాన్ని మొదట్లోనే మెమరీలోకి తెచ్చుకుని మూసేయమన్నాను, మొత్తం డేటా ఒక్క ఎంబీ కూడా లేదు. పేజీని మెల్లగా పైకి జరిపే స్క్రోల్ పెట్టాడు, 3000 స్క్రీన్‌లో కదిలే బొమ్మల మీద సన్నని అడ్డ గీతలు కనపడతాయన్నది అందరికీ తెలిసిన సంగతే, వత్తుల లాంటి సన్న గీతలకి అది బొత్తిగా సరిపడలేదు, తీసేసి ఒక్కసారిగా పేజీ మారేలా చేశాం. క్లాక్ 222 దగ్గరే ఉంచాం, అంతకంటే అవసరం లేదు, బ్యాటరీ కూడా కలిసొస్తుంది.

చివర్లో ఈబూట్‌కి సంతకం పెట్టి ఇంకో కాపీ తయారుచేశాడు, వాళ్ల బంధువుల ఇంట్లో కంపెనీ 6.61తో ఉన్న పీఎస్‌పీ-1000లో ఆ కాపీ ఫర్మ్‌వేర్ ఏమీ మార్చకుండానే నడిచింది. మెమరీ 32 ఎంబీనే అయినా మన ప్రోగ్రామ్‌కి ఇబ్బంది లేదు. కాకపోతే ఆ పాత ఎల్‌సీడీ నెమ్మది, పేజీ మారినప్పుడు వెనకటి అక్షరాల నీడ కాసేపు ఉండిపోతోంది. పూర్తి నలుపు మీద పూర్తి తెలుపు బదులు ముదురు బూడిద రంగు మీద లేత పసుపు పెట్టించాను, నీడ చాలావరకు తగ్గింది, 3000లో కూడా ఇప్పుడు అవే రంగులు ఉంచుకున్నారు.